బ్లాకుకి పదమూడు శాతం

నేను సింగపూర్లో దిగింది 2006లో. మొదటి రెండు వారాలు ఆఫీసులో చేసిన పనికంటే ఇంటి కోసం చేసిన ఫోన్లే ఎక్కువ. పేపర్లో ప్రకటన చూడ్డం, ఏజెంటుకి ఫోన్ కొట్టడం. అవతలివాడు ఎంతమంది ఉంటారు, ఎప్పట్నుంచి కావాలి అని అడగడు. మొదటి ప్రశ్నే "ఏ దేశం?" అని. ఇండియా అనగానే చిన్న నిశ్శబ్దం. తర్వాత "ఓనర్ని అడిగి రేపు చెప్తా". ఆ రేపు ఒక్కసారి కూడా రాలేదు. ఒకావిడైతే "ఇంట్లో వంట చేస్తారా?" అంది. అప్పటికే విసిగిపోయి ఉన్నానేమో, చెయ్యనండీ బయటే తింటాను అని అబద్ధం కూడా ఆడేశాను. అయినా ఇవ్వలేదు.

చిన్నప్పుడు నాన్నగారికి బదిలీ అయినప్పుడల్లా కొత్త ఊళ్ళో ఇల్లు వెతుకుతుంటే "మీరేమిట్లు?" అని అడిగేవాళ్ళు. అడిగిన ప్రతిసారీ మాకు ఇల్లు దొరికింది. అందుకే ఆ ప్రశ్నలో తప్పేముందో నాకు పాతికేళ్ళు దాటేదాకా తెలీలేదు.

చివరికి ఆఫీసులో ఒక తెలుగాయన పుణ్యమా అని తోవా పాయోలో ఒక ఫ్లాటు దొరికింది. 'తోవా' అంటే హొక్కియెన్ చైనీసులో పెద్ద, 'పాయా' అంటే మలయ్‌లో చిత్తడి నేల. పేరే ఓ కలగూరగంప. మాది 1970ల్లో కట్టిన పన్నెండంతస్తుల పొడుగాటి బ్లాకు. లిఫ్టు ఒకటి, అయిదు, తొమ్మిది అంతస్తుల్లోనే ఆగేది (కట్టినప్పుడు డబ్బు కలిసిరావడానికి అలా చేశారు). మాది ఏడు. అయిదులో దిగి రెండంతస్తులు ఎక్కాలా, తొమ్మిదిలో దిగి రెండంతస్తులు దిగాలా అన్నది రోజూ సాయంత్రం నేను తేల్చుకోవాల్సిన పెద్ద సమస్య. 2001 నుంచి ప్రభుత్వం పాత బ్లాకులకి వరసగా ప్రతి అంతస్తులో ఆగే లిఫ్టులు పెట్టుకుంటూ వచ్చింది. మా వంతు వచ్చేసరికి నా మోకాళ్ళకి అలవాటైపోయింది.

అంతస్తు మొత్తానికీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే వరండా. లిఫ్టు దగ్గర్నుంచి మా గుమ్మానికి రావాలంటే తొమ్మిది ఇళ్ళ ముందు నుంచి నడవాలి. తలుపులు తీసే ఉంటాయి, ఇనప గ్రిల్లు మాత్రం వేసి ఉంటుంది. కాబట్టి తొమ్మిది సంసారాలూ చూడకుండా ఇంటికి రాలేం. ఒక ఇంట్లో మాజాంగ్ బిళ్ళల టకటక. ఒక ఇంట్లో తమిళ సీరియల్ ఏడుపు. ఒక ఇంట్లో మలయ్ అంకుల్ రేడియోలో అజాన్ (అక్కడ మసీదు మైకుల్ని లోపలి వైపుకి తిప్పేశారు, అజాన్ రేడియోలో వేస్తారు). పక్కింటి చైనీస్ ఆంటీ గుమ్మంలో ఎర్రటి చిన్న దేవుడి అర, అగరొత్తులు. ఆవిడకీ నాకూ ఉమ్మడి భాష లేదు. "తిన్నావా?" అని చేత్తో అడిగేది, తిన్నానని తలూపేవాణ్ణి.

కింద అంతస్తులో ఇళ్ళు ఉండవు. ఉత్త స్తంభాలు, మధ్యలో ఖాళీ. దాన్ని వాయిడ్ డెక్ అంటారు. మన దగ్గరైతే స్టిల్ట్ అని కార్లు పెట్టేస్తాం. అక్కడ ఒక శనివారం మలయ్ పెళ్ళి జరిగింది, డప్పులు మోగించుకుంటూ పెళ్ళికొడుకుని తీసుకొచ్చారు, దారినపోయే నాక్కూడా బిర్యానీ పెట్టారు. తర్వాతి మంగళవారానికి అవే స్తంభాల మధ్య తెల్ల గుడ్డలు కట్టి ఒక చైనీస్ తాతగారి శవపేటిక. మూడు రాత్రులు మంత్రాలు. మేమందరం ఆ పక్కనుంచే ఆఫీసుకి వెళ్ళి వచ్చాం, ఎవరూ ఏమీ అనలేదు.

ఇదంతా చూసి నేను ఇంటికి మెయిళ్ళు రాసేవాణ్ణి, ఇక్కడి జనం ఎంత కలిసిపోతారో, మనవాళ్ళు ఎప్పుడు నేర్చుకుంటారో అని. కొత్తగా వెళ్ళినవాడి మెయిళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలిసిందేగా. జనం కలిసిపోవడం కాదు, కలిపేశారు అని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మొదట్లో అక్కడ ఎవరి పేట వాళ్ళదే. రాఫెల్స్ అనే తెల్లదొర 1822లో ఊరికి ప్లాను గీయించినప్పుడే చైనీయులకి నది అవతల ఒక చోటు, మలయ్, అరబ్, బుగిస్ జనానికి కాంపోంగ్ గ్లామ్ వైపు, మనవాళ్ళకి ఇంకో చోటు అని గీతలు గీసిచ్చాడు. దీన్ని చదివి నేనేమీ ఆశ్చర్యపోలేదు. మా అమ్మమ్మగారి ఊరికి ప్లాను గీసినవాళ్ళెవరూ లేరుగానీ, గీస్తే ఇలాగే ఉంటుంది. ఏ వీధి ఎవరిదో, చెరువు అవతల ఎవరుండాలో అందరికీ తెలుసు.

ఇంగ్లీషువాళ్ళ హయాంలో 1927లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు అని ఒకటి పెట్టారు. అది ముప్ఫై రెండేళ్ళలో కట్టిన ఇళ్ళు 23 వేలు. జనం మటుకు చైనాటౌన్ పాత మేడల్లో గదికి ఒక కుటుంబం చొప్పున, ఊరి చుట్టూ రేకుల, తాటాకుల గుడిసెల్లో లక్షల్లో ఉండేవాళ్ళు. 1960 ఫిబ్రవరిలో హౌసింగ్ అండ్ డెవలప్‌మెంట్ బోర్డు (అందరూ హెచ్‌డీబీ అంటారు) పుట్టింది. లిమ్ కిమ్ సాన్ అనే వ్యాపారస్తుడు మొదటి ఛైర్మన్. మొదటి అయిదేళ్ళలో 50 వేల పైచిలుకు ఇళ్ళు కట్టారు.

అంత వేగం ఎలా అంటే, వేరే దారి లేక. 1961 మే 25న, బక్రీద్ సెలవు రోజు మధ్యాహ్నం బుకిట్ హో స్వీ అనే గుడిసెల పేట తగలబడింది. చచ్చిపోయింది నలుగురే, కానీ సుమారు 16 వేల మందికి ఇల్లు లేకుండా పోయింది. తొమ్మిది నెలల్లో అదే నేల మీద మొదటి ఫ్లాట్లు లేచాయి. లాంతరు తప్ప కరెంటు చూడని వాళ్ళు, నాలుగు గోడల కక్కసు ఎరగని వాళ్ళు ఒక్కసారిగా మేడల్లోకి వచ్చి పడ్డారు. కొందరు రైతులు పందుల్ని మెట్లెక్కించుకుని వచ్చారని లీ క్వాన్ యూ తన ఆత్మకథలో రాసుకున్నాడు. నవ్వొస్తుందిగానీ ఆలోచిస్తే, ఆ పంది వాడి బ్యాంకు ఖాతా. దాన్ని ఎక్కడ వదిలేస్తాడు?

మూడేళ్ళకి 1964లో గొడవలు. జులై 21న మహమ్మద్ ప్రవక్త జయంతి ఊరేగింపులో మొదలై ఊరంతా పాకాయి. మళ్ళీ సెప్టెంబరులో ఇంకోసారి. రెండూ కలిపి 36 మంది పోయారు. కర్ఫ్యూ. మరుసటి ఏడాది ఆగస్టు 9న మలేషియా నుంచి విడిపోయి దేశం అయింది. అప్పటి పెద్దలకి ఒకటి బాగా గుర్తుండిపోయింది: ఎవరి పేట వాళ్ళదైతే, ఒక పుకారు పుట్టిన గంటలో ఏ సందులోకి కత్తి పట్టుకుని వెళ్ళాలో అందరికీ తెలిసిపోతుంది. పేటలే లేకపోతే?

కొత్త ఫ్లాట్లు వరుసలో నిలబడ్డవాళ్ళకి వచ్చినట్టు ఇచ్చారు కాబట్టి మొదట్లో కలగలుపు దానంతటదే జరిగింది. 1964లో అద్దెకి బదులు కొనుక్కోమన్నారు, 1968లో పీఎఫ్ లాంటి సీపీఎఫ్ డబ్బుతో కట్టొచ్చన్నారు. ఇంకేం, అందరూ ఓనర్లైపోయారు (99 ఏళ్ళ లీజు ఓనర్లు అనుకోండి). ఇప్పటికీ అక్కడ పదింట దాదాపు ఎనిమిది కుటుంబాలు ఉండేది ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలోనే. కానీ కొన్నవాడికి అమ్ముకునే హక్కు కూడా వచ్చింది. అమ్మకాలు మొదలయ్యేసరికి మళ్ళీ పాత కథ. చెల్లెలి బ్లాకులోకి అక్క, బావమరిది పక్కకి బావ. 1980ల చివరికి బెడోక్, టాంపినీస్ వైపు మలయ్‌లు 30 శాతం దాటారు, హౌగాంగ్‌లో చైనీయులు 90 శాతం దాటారు. ఎవరూ కుట్ర చెయ్యలేదు. మన భాష వినపడే చోట, మన తిండి దొరికే చోట ఉండాలనుకున్నారు, అంతే.

1989లో ధనబాలన్ అనే మంత్రి (తమిళాయనే) దానికి అడ్డుకట్ట వేశాడు. మార్చి 1 నుంచి ప్రతి పేటకీ, ప్రతి బ్లాకుకీ కోటా. చైనీయులు పేటలో 84 శాతం, బ్లాకులో 87. మలయ్‌లు 22, 25. ఇండియన్లు, ఇతరులు కలిపి 10, 13. ఆ "ఇతరులు" గంపలో యూరేషియన్లూ, ఇంకెక్కడా ఇమడని వాళ్ళందరూ మనతో పాటే.

నా బుర్ర ముందు లెక్కలోకి పోయింది. 87, 25, 13 కూడితే 125. అంటే ఇది సీట్ల రిజర్వేషన్ కాదు. ఎవరికీ ఇంత వాటా ఇస్తామని కాదు, ఇంతకి మించి వద్దని. ఆ పాతిక శాతం వదులు లేకపోతే ఒక జాతివాళ్ళ ఫ్లాటు ఇంకో జాతివాళ్ళ చేతికి మారదు. ప్రోగ్రాము రాసినవాడు బాగానే రాశాడు అనుకున్నా.

కానీ ఏ ప్రోగ్రామైనా అంచుల దగ్గరే బయటపడుతుంది. వంద ఇళ్ళ బ్లాకు తీసుకోండి. చైనీయులు 87కి చేరారు. అందులో ఒక తెలుగాయన ఫ్లాటు అమ్ముకోవాలి. చైనీయులకి అమ్మితే 88 అవుతుంది, కుదరదు. అంటే జనాభాలో నూటికి డెబ్భై అయిదు మంది కొనుగోలుదార్లు ఆయన గుమ్మం తొక్కడానికే వీల్లేదు. ఇక మిగిలింది మలయ్‌లు, ఇండియన్లు, ఇతరులు. వాళ్ళు అడిగినంతకి ఇవ్వాలి, లేదా కూర్చోవాలి. అదే బ్లాకులో పక్కింటి చైనీస్ ఆయన మాత్రం సాటి చైనీయులకి హాయిగా అమ్ముకుంటాడు, సంఖ్య మారదు కాబట్టి. నిబంధన అందరికీ ఒకటే. దెబ్బ మాత్రం ఎక్కువగా తక్కువ సంఖ్యలో ఉన్నవాడికే. నాకు ఆ ఫ్లాటు ఇప్పించిన తెలుగాయన పిల్లల చదువుల కోసం ఇల్లు మారాలనుకుని ఎనిమిది నెలలు అలాగే కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ కోటాని తిట్టలేదు. "అది లేకపోతే నాకు ఈ బ్లాకులో ఇల్లే వచ్చేది కాదేమో" అనేవాడు. నాకైతే అంత సహనం ఉండేది కాదు.

2010లో ఇండియన్ల పరిమితి 12, 15కి పెంచారు. అదే ఏడాది మలేషియన్లు కాని పర్మనెంట్ రెసిడెంట్లకి వేరే కోటా పెట్టారు, పేటలో 5, బ్లాకులో 8 శాతం. 2014 నుంచి ఫ్లాటు మొత్తం అద్దెకి తీసుకునే విదేశీయులకి కూడా లెక్క మొదలైంది. నేను దిగినప్పుడు అది లేదు, కాబట్టి నేను ఏ శాతంలోనూ లేను. అన్నట్టు, అమ్ముడుపోక ఇరుక్కున్నవాళ్ళ ఫ్లాట్లు కొన్ని సందర్భాల్లో బోర్డే కొనుక్కునే ఏర్పాటు 2022 మార్చిలో వచ్చింది. కోటా పెట్టిన 33 ఏళ్ళకి! బగ్ ఉందని ఒప్పుకుని ప్యాచ్ వెయ్యడానికి అంత టైము మా మేనేజరు నాకిస్తే ఎంత బావుండేదో.

కోటా వెనక ఓట్ల లెక్క కూడా ఉందన్న విమర్శ ఉంది. మైనారిటీలు ఏ నియోజకవర్గంలోనూ గట్టిగా కూడుకోకుండా పల్చగా పరిచేశారని. దానికి ముందు ఏడాదే, 1988లో, జట్టుగా పోటీచేసే నియోజకవర్గాలు వచ్చాయి, ప్రతి జట్టులో ఒక్క మైనారిటీ అభ్యర్థి అయినా ఉండాలి. ఒక చేత్తో పరచడం, ఒక చేత్తో సీటు ఇవ్వడం. రెండూ చూస్తే ఆ విమర్శని కొట్టిపారెయ్యలేం. అలాగని హౌగాంగ్‌లో 90 శాతాన్ని అలా వదిలేసి ఉంటే ఇప్పుడు ఎంతకి చేరేదో కూడా ఆలోచించాలి కదా.

2008లో అమ్మ వచ్చింది. మూడు నెలలుంది. పక్కింటి ఆంటీతో మొదటి వారంలోనే స్నేహం, ఈవిడ తెలుగు, ఆవిడ హొక్కియెన్, గంటలు గంటలు. ఏం మాట్లాడుకుంటారే అంటే "దానికి కోడలితో పడట్లేదురా" అంది. ఎలా తెలిసిందో భగవంతుడికెరుక. కానీ మలయ్ అంకుల్ ఇంట్లో బెలచాన్ వేయించినప్పుడు మాత్రం అమ్మకి ప్రాణాల మీదకొచ్చేది. అది పులియబెట్టిన రొయ్యల ముద్ద, వేడి తగిలితే అంతస్తంతా ఆవహిస్తుంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని "ఏరా, ఇంకో ఇల్లు చూసుకోకూడదూ, మనవాళ్ళున్న చోట?" అనేది. మనవాళ్ళున్న చోట అంటూ ఒకటి ఇక్కడ ఉండనివ్వరమ్మా అని కోటా సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది. "మరి ఆ వాసన వచ్చినప్పుడు తలుపేసుకుంటే తప్పా?" అంది. తప్పు కాదు. వేసుకుంది. ఆ మూడు నెలల్లో మా తలుపు మిగతా ఇళ్ళకంటే ఎక్కువ సార్లే మూతపడి ఉంటుంది. అంకుల్ ఒక్కమాట అనలేదు. రంజాన్ పండక్కి మటుకు డబ్బాడు బిస్కెట్లు పంపించాడు.

2011 ఆగస్టులో పేపర్లో ఒక వార్త వచ్చింది. చైనా నుంచి కొత్తగా వచ్చిన ఒక కుటుంబం పక్కింటి ఇండియన్ల కూర వాసన పడట్లేదని ఫిర్యాదు చేస్తే, మధ్యవర్తులు కూర్చోబెట్టి రాజీ చేశారట: వాళ్ళు ఇంట్లో లేనప్పుడే వీళ్ళు కూర వండుకోవాలి. ఆ రాజీ అప్పటికి కొన్నేళ్ళ కిందటిదే, బయటపడింది అప్పుడు. ఊరు భగ్గుమంది. ఆగస్టు 21న అందరం కూర వండుదాం రండి అని ఫేస్‌బుక్‌లో పిలుపు, వేలమంది చేరారు. చాలామంది చైనీస్ సింగపూరియన్లే. ఆ ఆదివారం మా వరండా మొత్తం మసాలా ఘాటు. పక్కింటి ఆంటీ కోడలు కొబ్బరిపాలతో చికెన్ కూర చేసి గిన్నెలో పోసిచ్చింది. బ్రహ్మాండంగా ఉంది. తింటున్నంతసేపూ నాకు గుర్తొచ్చింది అమ్మ వేసిన తలుపూ, వంట చెయ్యనని నేనాడిన అబద్ధమూ.

ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఈ మేడలు కట్టే కూలీలు ఈ లెక్కల్లో ఎక్కడా లేరు. తమిళనాడు నుంచీ, బంగ్లాదేశ్ నుంచీ, మన తెలుగు జిల్లాల నుంచీ వెళ్ళినవాళ్ళు. తంజోంగ్ పగార్‌లో 2009లో పూర్తయిన యాభై అంతస్తుల పినాకిల్, ఏడు టవర్లు, 1848 ఫ్లాట్లు, అలాంటివి కట్టింది వాళ్ళే. వాళ్ళు ఎక్కువమంది పడుకునేది ఊరి చివర డార్మిటరీల్లో. 2020లో కరోనా ఆ డార్మిటరీల్లో ఎలా పాకిందో ప్రపంచమంతా చూసింది. పుకారు భయానికి పేటల్ని చెరిపేసిన దేశమే వీళ్ళకి పేటలు కట్టింది. వాయిడ్ డెక్‌లో ఓ ఆదివారం ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు ఇంటికి ఫోన్ చేసుకుంటూ కనపడితే పలకరించాను. అన్నా, ఇక్కడ కూర్చోవచ్చా, ఎవరైనా ఏమన్నా అంటారా అని అడిగారు. నేనుండే బ్లాకు కింద, నన్ను.

నేను 2012లో వెనక్కొచ్చేశాను. ఇప్పుడుండేది హైదరాబాదు పడమటి వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో, ఇరవై రెండో అంతస్తు. లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగుతుంది. పనివాళ్ళకి వేరే లిఫ్టు. అంతస్తుకి నాలుగే ఇళ్ళు, తలుపులు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఎదురింట్లో ఏం వండుకుంటారో నాకు తెలీదు. ఇక్కడ కోటా ఏమీ లేదు, ఎవరికైనా అమ్ముకోవచ్చు, ఎవరైనా కొనుక్కోవచ్చు. అయినా నేమ్ ప్లేట్లు చదువుకుంటూ టవరంతా ఎక్కి దిగితే ఇంటిపేర్లు మారతాయిగానీ ఇంకేమీ పెద్దగా మారదు.

ఇదే కమ్యూనిటీలో నాకు ఇంకో చిన్న ఫ్లాటుంది, అద్దెకిస్తాను. కిందటేడు ఖాళీ అయినప్పుడు ఒకబ్బాయి ఫోన్ చేశాడు. మంచి కంపెనీ, భార్యా ఒక పాపా, అడ్వాన్సు వెంటనే ఇస్తానన్నాడు. పేరు చెప్పాడు. ముస్లిం పేరు. నాకేం అభ్యంతరం లేదు, నిజంగానే లేదు. కానీ పై అంతస్తాయన వాట్సాప్ గ్రూపులో ఏమంటాడో అని ఒక్క క్షణం ఆగాను. ఆగి, "ఇంట్లో అడిగి రేపు చెప్తానండీ" అన్నాను.

అన్నాక, నేనేమన్నానో నాకు వినపడింది. సాయంత్రం ఆరింటికి మళ్ళీ ఫోన్ చేశాను. "పర్లేదు సార్, వేరేచోట చూసుకున్నాం" అన్నాడు, చాలా మర్యాదగా. ఎక్కడ అని అడగబోయి ఊరుకున్నాను.

ఆ ఫ్లాట్లో ఇప్పుడు విజయవాడ వాళ్ళుంటున్నారు. అయిదో తారీఖుకల్లా అద్దె పడిపోతుంది.